పదివేలు

షుగరు ఎక్కువుందని
పెద్దాసుపత్రిలో కుర్ర డాక్టరు
రోజుకి పదివేల అడుగులు రాసిచ్చాడు.
నేనేమో కండక్టర్ని,
శ్రీకాకుళం కాంప్లెక్సు నుంచి రాజాం దాకా
నిలబడే వెళ్ళొచ్చే మనిషిని.

చేతి పట్టీ రెండువేల నాలుగొందల తొంభై తొమ్మిది.
ఆ ఒక్క రూపాయి ఎందుకు వదిలేశారో
చిల్లరతో బతికే నాకే అంతుపట్టలేదు.
కట్టుకుంటే అడుగున పచ్చగా ఓ దీపం,
దొంగలా నా నెత్తుట్లోకి తొంగిచూస్తూ.

మొదటిరోజే పన్నెండు వేలు!
డ్రైవర్ సన్నాసిరావు పగలబడి నవ్వాడు.
"చిలకపాలెం దాటినాక గోతులన్నీ
నీ ఖాతాలో ఏసీసింది గురూ."

సెలవునాడు దాలమ్మ చేతికి కట్టాను.
పొందూరులో మా వసారా,
వాలుగ చేప దవడతో దువ్విన పత్తి,
రాట్నం ముందు పీట.
కుడిచెయ్యి తిప్పుతూనే ఉంటుంది,
ఎడమచెయ్యి వెనక్కి, ఇంకా వెనక్కి,
దారం కనబడదు,
గాలిని బుజ్జగిస్తున్నట్టుంటుంది.

మధ్యాహ్నానికి ఎనిమిది వేల నాలుగొందలు.
పీట మీంచి లేస్తే ఒట్టు.
"ఓలమ్మో, నానెక్కడికెళ్ళొచ్చినానట?"
"స్టేషను దాకా, రానూ పోనూ."
నవ్వింది. కాసేపాగి,
"ముప్పయ్యేళ్ళు ఇలగ నడిస్తే
ఈపాటికి నానెక్కడుండాల?"
నా టిమ్ములో ఆ స్టేజీ లేదు.

నాలుగింటికి పదివేలు నిండాయి.
పట్టీ సంబరంగా జుర్రుమంది.
దాలమ్మ ఉలిక్కిపడింది.
నూలు తెగింది.

తెగిన కొసల్ని తడివేళ్ళతో నలిపి కలుపుకుంటూ
"ఎంతకి కొన్నావేటి?" అంది.
చెప్పాను.
కణుపుల మీద చిలపలు లెక్కపెట్టింది.
ఈ చెయ్యి అయిపోయింది,
ఆ చెయ్యి అయిపోయింది,
మళ్ళీ ఈ చేతికొచ్చింది.
ఏమీ అనలేదు.
అనుంటే బాగుణ్ణు.

పట్టీ విప్పి నాకిచ్చేసి
మణికట్టు రుద్దుకుంది.
ఖాదీ సంఘంలో నూలే తూస్తారు,
నడిచిన దూరానికి అక్కడ తక్కెడ లేదు.

ఇప్పుడు ఆఖరి ట్రిప్పులో
ఊరికి రెండు స్టాపుల ముందే దిగిపోతాను.
చీకట్లో చెరుకు తోటల పక్కనుంచి
సంచీ భుజాన, పట్టీ జేబులో.
జేబులో ఉంటే సగం అడుగులు తప్పిపోతాయట.
పోనీ.
కాళ్ళకి తెలుస్తోంది,
దాలమ్మ తలుపు గడియ తీసే చప్పుడుకీ తెలుస్తోంది.

మొన్న సన్నాసిరావు అడిగాడు,
"అంత డబ్బెట్టావు, పనికొచ్చిందేటి?"
రైట్ చెప్పి, ఆలోచించి, అన్నాను:
"టైము మటుకు సరిగ్గా చూపిస్తాది."