నాలుగో లేను

కురుమ్‌లో ఈత క్లబ్బు. జట్లకి చేపల పేర్లు.
చిన్నవాళ్ళు సార్డిన్లు, వాళ్ళ మీద హమూర్లు,
గోడ మీద ఫొటోలున్నవాళ్ళు కింగ్‌ఫిష్‌లు.
నిస్సీ రెండేళ్ళుగా సార్డిను.

హమూరు కావాలంటే యాభై మీటర్లు
నలభై రెండు సెకన్లలో కొట్టాలి.
పోయిన టర్ములో నలభై మూడున్నర.
కోచ్ షెరీఫ్ టోపీ మీద తట్టి "మళ్ళీ రా" అన్నాడు.
కారులో ఏడవలేదు. ఇంటికొచ్చి
ఫ్రీజర్‌లో ఉన్న హమూరు ముక్కలు
ఎవరికైనా ఇచ్చెయ్యమంది వాళ్ళమ్మతో.

అప్పట్నించీ వారానికి నాలుగు తెల్లవారుజాములు.
మసీదు ముందు జనం చెప్పులు వెతుక్కునే వేళకి
రాత్రి ఉక్కకి చెమర్చిన కారు అద్దాలు
నేను చొక్కా చేత్తో తుడుస్తుంటాను.
జూన్‌లో చిల్లరు పాడై పూలు కాగిపోయింది.
"చారులో ఈదినట్టుంది నాన్నా" అంది,
కళ్ళద్దాల గుర్తులు బుగ్గల మీద, బడి గేటు దాకా.

నాకు ఈత రాదు.
కనిగిరి అవతల మా ఊరికి ట్యాంకరొచ్చేది.
నీళ్ళకి వరసుంటుందని తెలుసు,
లోతుంటుందని ఇక్కడికొచ్చాకే చూశాను.

పోటీ రోజు ఇంటికొకరు పని చెయ్యాలని రూలు.
రత్నకి ఆస్పత్రిలో డ్యూటీ.
"వీడియో తియ్యి, మొత్తం" అని
నా ఫోనుకి నిండా ఛార్జింగు పెట్టి వెళ్ళింది.
ఇక్కడ మిస్ రోవెనా నా మెళ్ళో స్టాప్‌వాచ్ వేసి
"నాలుగో లేను నీది" అంది.
"చెయ్యి గోడని తాకేదాకా
నాలుగు తప్ప ఇంకోటి చూడకూడదు.
నీ పిల్ల అదే హీటులో ఉన్నా సరే."

ఉంది. ఆరో లేనులో.

నాలుగులో షహద్ అనే పిల్ల. ఎర్ర టోపీ.
దిమ్మె మీద నిలబడి కాలివేళ్ళు ముడుస్తోంది.
వాళ్ళ నాన్నెవరో తెలీదు,
ఎవరి లేను దగ్గర ఏ వాచీ పట్టుకున్నాడో.
ఆఫీసులో నేను డ్రాయింగులకి నంబర్లు వేసేవాణ్ణి,
ఒక్క అంకె తప్పితే వంతెన ఆగుతుంది.
శబ్దం కోసం ఆగకుండా, మెరుపు చూసి నొక్కాను.

యల్లా యల్లా అని ఒక గొంతు,
మలయాళంలో ఒకటి, ఏ భాషా కాని ఒక విజిలు.
ఎర్ర టోపీ. కుడివైపు ఊపిరి. ఎర్ర టోపీ.
మెడలో నరమొకటి ఆరు వైపు లాగుతోంది,
దాన్నలాగే లాగనిచ్చాను.
కంటి కొసన పసుప్పచ్చగా ఏదో
వెనకుందో ముందుందో తేలకముందే
షహద్ వేళ్ళు గోడని తాకాయి. నొక్కాను.

నలభై ఒకటి పాయింట్ మూడు ఆరు.
నీళ్ళలోంచి తలెత్తి "అంకుల్, ఎంత?"
వంగి వాచీ చూపించాను.
ఊడిన పన్నుతో సహా ఆ నవ్వంతా నాకే దొరికింది.

గోడకి కాగితం అంటించారు.
నిస్సీ, ఆరో లేను, నలభై రెండు పాయింట్ సున్నా మూడు.

సెకనులో నూటికి మూడు వంతులు.
అది నా పిల్ల చెయ్యా, ఆరో లేను బొటనవేలా?
ఆ లేను ఆయన, తెల్లచొక్కా, వాచీ తుడుచుకుంటున్నాడు.
ఇంతకీ షహద్‌కి నేను సరిగ్గా నొక్కానా?
అడుగుదామని రోవెనా వైపు రెండడుగులు వేసి
అక్కడున్న నీళ్ళ సీసా తీసుకుని వెనక్కొచ్చాను.

"చూశావా నాన్నా, నా టర్ను?"
"లేదమ్మా."
తువ్వాల్లోంచి కాసేపు నన్నే చూసింది.
"సరే అయితే, చెప్తా."

కారులో మొదలుపెట్టింది, డైవు నుంచి.
అల్ ఖువైర్ సిగ్నలు దగ్గరికి సగం పూలు.
ముక్కులోకి నీళ్ళెక్కడం, పక్కన ఎవరివో తెల్లటి పాదాలు,
టర్ను దగ్గర అడుగున నల్ల గీత అరిగిపోయి ఉండటం.
"అక్కడ ఊపిరి ఒకటి ఎక్కువ తీసుకున్నా. అదే పోయింది."
సీటు బెల్టు కింద భుజాలు తిరుగుతున్నాయి.
నలభై రెండు సెకన్ల ఈత గుబ్రా దాకా వచ్చింది.

చివర చెయ్యి బారగా చాచి డాష్‌బోర్డుని తాకింది.
స్టీరింగ్ మీద నా బొటనవేలు
దానంతటదే నొక్కింది.
హారను మోగి
ముందు పికప్‌లో మేకలు తలలు తిప్పి చూశాయి.