రెండు నిమిషాలకు మూడు

మర్రిపాలెంలో టైర్ల షాపు మేడమీద
మా కాలేజీ.
గదులు రెండు, మేక అస్థిపంజరం ఒకటి.
దానికి ఎడమవైపు పదమూడో పక్కటెముక లేదు,
ముందు బ్యాచిలో ఎవడో పట్టుకుపోయాడట.
పరీక్షలో లెక్క అడిగితే
ఉన్నవి కాదు, ఉండాల్సినవి రాయమంటారు
పైడయ్య మాస్టారు.

రబ్బరు గొట్టంలో ఎర్రసిరా పోసి
నరం దొరకబుచ్చుకోవడం నేర్చుకున్నాం.
కింద టైరుకి గాలి ఎక్కించినప్పుడల్లా
బల్లమీద సీసాలు వణికేవి.

ఆవు ఎడమ డొక్కమీద పిడికిలి ఆనించి
గడియారం చూడాలి.
రెండు నిమిషాలకు మూడుసార్లు
లోపల పొంగి అణగాలి.
చెవి పెడితే దూరంగా ఉరిమినట్టుంటుందని పుస్తకం.
నాకు ఉరుములా వినపడలేదు.
రాత్రిళ్లు మా ఇంటెనక, పోర్టుకెళ్లే ఇనపరాయి గూడ్సు
కదులుతుందే, ముందు ఇంజను,
ఆ తర్వాత ఒక్కో పెట్టే ఒక్కో పెట్టే ఉలిక్కిపడి,
అదీ. అలాగ.
చెబితే మాస్టారు నవ్వలేదు.
"అలాగే రాసియ్యి" అన్నారు.

డిసెంబర్లో కంచరపాలెం మెట్టు నుంచి
ఆటో ట్రాలీలో వచ్చింది సన్యాసమ్మగారి కర్రావు.
నాలుగు రోజులై మేత ముట్టలేదు, నెమరు లేదు.
పిడికిలి ఆనించాను.
సమ్మెరోజు యార్డులా ఉంది లోపల.

కోసింది పెద్దాసుపత్రి డాక్టరుగారు.
మేం పట్టుకునేవాళ్లం, అందించేవాళ్లం.
నా చెయ్యి సన్నమని లోపలికి నన్నే పెట్టమన్నారు,
భుజం దాకా.
వేడి. అంత వేడుంటుందని ఎక్కడా రాయలేదు.
ముడి విప్పని సాంబారు కవర్లు,
కొబ్బరితాడు, చెప్పు పట్టీ,
పాలపాకెట్లు. అవే ఎక్కువ.
ఆవు కడుపులో పాలపాకెట్టు చూసి
అప్పలకొండ నవ్వబోయి మానేశాడు.

గచ్చుమీద కడిగి తూచాం, ఇరవయ్యొక్క కిలో.
అందులో ఒక పసుపు సంచి, అక్షరాలు పోలేదు:
"పశువైద్య డిప్లొమా. సీట్లు పరిమితం.
ఉద్యోగం ఖా"
కింద మా కాలేజీ ఫోన్ నంబరు.
జూన్లో కాంప్లెక్సు దగ్గర అవి పంచింది నేనే,
రోజుకి రెండొందలకి.
ఎవరికీ చెప్పలేదు.
బకెట్లో అన్నిటికీ అడుక్కి తోసేశాను.

ఆ రాత్రి షెడ్డులో కాపలా నాది.
"బతుకుతాదా లేదేటి పాపా?"
సన్యాసమ్మగారు అడిగినప్పుడల్లా గడియారం చూశాను.
ఒంటిగంటకి ఏమీ లేదు. రెండుకి ఏమీ లేదు.
మూడున్నరకి వేళ్లకింద ఏదో కదిలింది,
ఒక్కసారి.
ఇంకోదానికోసం ఊపిరి బిగబట్టాను.
సరిగ్గా అప్పుడే గోడవతల పట్టాలమీద
గూడ్సు బయల్దేరింది.

ఏది ఏదో తెలీక,
చెయ్యి తియ్యకుండా
మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాను.