రెండో సాక్షి

ఆదోనిలో ఎండాకాలం
నల్లకోటు వేసుకోవడం నేరం కాదు గానీ
శిక్షే.
జిన్నింగ్ మిల్లుల దిక్కు నుంచి ఎగిరొచ్చిన పత్తి పింజె
భుజాన వాలితే దులపను.
ఈ ఊర్లో అది అందరి మీదా వాలుతుంది,
ముద్దాయి మీదా, మేజిస్ట్రేటు మీదా.

మా గుమాస్తా వీరభద్రప్ప
కేసుకట్టలకు దారం చుట్టే పద్ధతి ఒకటుంది:
గెలిచినదానికి ఒక ముడి,
ఓడినదానికి రెండు.
రెండెందుకప్పా అంటే
"మళ్లీ విప్పబుద్ధి కాకుండా సారూ" అంటాడు.

ఈ పొద్దు విప్పింది ఒంటిముడి కట్ట.

పదిహేడేండ్ల కిందట
గువ్వలదిన్నె బుడ్డల కళ్లంలో
రాత్రి ఏడున్నరకు
ఉరుకుందమ్మ మొగుని మీద గొడ్డలి పడింది.
మొదటి సాక్షి
కోర్టు ఎదురుగా ఎవరితోనో టీ తాగి వచ్చి
మాట మార్చినాడు.
రెండో సాక్షి ఆమె. మార్చలేదు.

కరెంటు ఉండిందా అమ్మా, అన్నాను.
"బల్బు ఉండె సారూ."
కరెంటు?
"వాని మొగం కనపడె. ట్రాక్టరు..."
అడిగినదానికే చెప్పమ్మా.

సబ్‌స్టేషన్ లాగ్‌బుక్ తెరిచి చూపించినాను.
ఏడు నుంచి తొమ్మిది దాకా
ఆ ఫీడరుకు సప్లై లేదు.
నీలిసిరా, ఆపరేటరు సంతకం.
చదవను రాని కండ్లతో
ఆమె ఆ పేజీని చానాసేపు చూసింది,
తన రాత్రిని వేరేవాళ్లు
ముందే రాసిపెట్టుకున్నట్టు.
"ఉండె" అనింది.
మళ్లీ అడిగినాను. "ఉండె."
మూడోసారికి
"ఉండెనేమో" అనింది.

ఆ 'ఏమో' ఉందే,
ఆ రెండక్షరాల మీద
మా ఇంటికి పై అంతస్తు లేచింది.
జడ్జిగారు దానికి సంశయలాభం అని పేరు పెట్టినారు.
విడుదలైనవాడు కాళ్లు మొక్కబోతే వెనక్కి జరిగినాను.
చేసినావా అని వాన్ని అడగలేదు.
ముప్పై ఏండ్లలో ఎవర్నీ అడగలేదు,
చెప్తారేమోనని భయం.
వరండాలో ఆమె సాక్షిబత్తా లెక్కపెట్టుకుంటా ఉండింది,
బస్సుకు సరిపోతుందా అని.

ఈ పొద్దు ఆమే మా మెట్లెక్కింది.
తల నెరిసింది. ప్లాస్టిక్ సంచిలో
ఆధార్ జిరాక్సు, ఎఫ్ఐఆర్ నకలు,
గుడ్డలో చుట్టిన నాలుగు జొన్నరొట్టెలు.
కొడుకు సబ్‌జైల్లో ఉన్నాడు.
మిల్లులో రెండు మోటార్లు పోయినాయంట,
రాత్రి వాచ్‌మన్ వీన్ని చూసినాడంట.

వీరభద్రప్ప తలెత్తలేదు.
ఊర్లో ఇంతమంది వకీళ్లు ఉండారు కదమ్మా, అన్నాను.
కుర్చీ చూపించినా కూచోలేదు.
బోన్లో మాదిరే నిలబడి చెప్పింది:

"పీరా సారూ,
కండ్లారా చూసినదాన్ని
నాకే అనుమానం వచ్చేట్టు అడిగితివి కదా,
అట్ల అడుగు, ఆ వాచ్‌మన్ను.
నా కొడుకు చేసినాడో లేదో నాకూ తెల్దు.
నేనూ అడగలే."

ఫ్యాను తిరుగుతా ఉంది.
నోటికి అడ్డం పడబోయినాను, ఆగలేదు:
ఆ బల్బు...
"ట్రాక్టరు బ్యాటరీది సారూ.
కరెంటు ఉందా అంటిరి, పుస్తకం చూపిస్తిరి.
బల్బు దేంతో ఎలిగెనని
మీరూ అడగలే, మా సర్కారు వకీలూ అడగలే."

కోపంగా చెప్పలేదు.
బస్సు ఏ టైముకో చెప్పినట్టు చెప్పింది.

వకాలత్ మీద వేలిముద్ర వేసి
మిగిలిన సిరా కొంగుకు తుడుచుకుని
రొట్టెలు తీసుకుని సబ్‌జైలు దిక్కు పోయింది.
ఫీజు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కాగితం ముందరేసుకుని
వాచ్‌మన్ను అడగాల్సిన మొదటి ప్రశ్న రాసినాను:
వెలుతురు ఎక్కడిది?
కింద మూడు గీతల జాగా వదిలినాను,
వాడు ఇంకేమైనా చెప్పబోతే రాసుకునేదానికి.
ఆ జాగా ఆమె కొడుక్కు మంచిది కాదు.
నాకు తెలుసు.
కొట్టేయబోయి
పెన్ను మూత పెట్టినాను.

పాతకట్ట టేబుల్ మీద విప్పినట్టే ఉంది.
వీరభద్రప్ప దారం చేతిలో పట్టుకుని
ఇంకా నిలబడే ఉన్నాడు.