వెనక బిగించిన అద్దం

యూసుఫ్‌గూడల మా గోదాం షట్టర్
సగం లేస్తది, అక్కడనే అడ్డం తిరుగుతది.
వంగి లోపలికి పోవుడు
పద్నాలుగేండ్ల అలవాటు.

తెల్లారగట్ల నాలుగు.
మెట్రో పిల్లర్ కింద ఇడ్లీ బండి ఇంక స్టవ్ ముట్టియ్యలే.
నాకంటె వయసులో పెద్దదైన జూమ్‌ను
నిద్రపొయ్యే పిల్లను ఎత్తినట్టు
పెట్టెల నుంచి రెండు చేతుల ఎత్తిన.

డైరెక్టర్‌కు స్కోప్ కావాలె.
ప్రొడ్యూసర్‌కు కిరాయి తగ్గాలె.
అసలు స్కోప్ లెన్సులకు రోజుకెంతనో విని
మేనేజర్ తాగే చాయ్ కింద పెట్టిండు.
అందుకే ఈ గుప్పెడంత గుండ్రం:
జూమ్‌కు, కెమెరాకు నడుమ కూసుంటది.
పెండ్లి ఖర్చంతా మీదేసుకొని
ఫొటోల ఎనక వరుసల నిలబడే మేనమామ.

దీన్ని బిగిస్తే
ఇరవై అయిదు యాభై అయితది,
రెండొందల యాభై అయిదొందలైతది,
ఒక స్టాప్ వెలుతురు మాత్రం గుటుక్కున మింగుతది.
"జీఎస్టీ లెక్క" అంటడు సైదులన్న,
"అడుగొద్దు, కట్టాలె."

పక్క అరల ఎక్స్‌పాండర్ ఉన్నది.
పాత జూమ్ గీసే చిన్న వలయాన్ని
పెద్ద సెన్సార్ మూలలదాంక గుంజుతది.
రుమాలీ రొట్టె.
గుంజినకొద్దీ పల్చన.
ఇయ్యాల దానితోని పని లేదు.

చార్ట్ మీది నక్షత్రం
టెలీల సూదిమొనోలె ఉన్నది.
వైడ్‌కు తిప్పితే పాలల్ల పడ్డది.
మళ్ల తిప్పిన. మళ్ల పాలే.
సైదులన్న స్టూల్ ఖాళీ,
ఆయన జర్దా డబ్బీ బల్ల మీదనే ఉన్నది.
అండ్ల జర్దా లేదు, షిమ్‌లున్నయి,
ఉల్లిపొర కంటె పల్చటి ఉంగరాలు.

ఫోన్ చేసిన.
మెహిదీపట్నం కంటి దవాఖానల
నిన్ననే ఆపరేషన్.
వదినె ఎత్తింది, ఆయన గుంజుకున్నడు.
"వైడ్‌లనేనా మసక?
నూరుది తీసి ఎనభైది పెట్టు.
నాలుగో స్క్రూ ఆఖరికి బిగియ్యి, దానికి పొగరెక్కువ."
మైక్రాన్ల మాట
కట్టుకట్టిన కంటితోని చెప్పిండు.
నక్షత్రం నిలబడ్డది.

రాత్రి చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద షూటింగ్.
పోయిన ఆ ఒక్క స్టాప్ కోసం
లైట్‌మెన్ ఇంకో పెద్ద లైటు
కింది నుంచి మెట్లమీదికి మోసిర్రు.
ముగ్గురు మనుషులు, ఒక తువ్వాల.
పొద్దుగాల నా అరచేతుల
ఏ బరువూ లేని గుండ్రం
గిప్పుడు వాళ్ల భుజాల మీద ఉన్నది.

డైరెక్టర్ మానిటర్ల తల పెట్టి
"ఎనక లైట్లు కోడిగుడ్లోలె రావాలె కద,
గుండ్రంగ ఉన్నయేంది?" అన్నడు.
సార్, గుడ్లు పెట్టేది ముందటి అద్దం.
ఎనకది వెడల్పు ఇస్తది, గంతే.
ఆయన నవ్విండో లేదో
చీకట్ల కనబడలే.
మూసీ మీది నుంచి వాసనొచ్చింది,
అది ఏ లెన్స్‌లా పడదు.

మర్నాడు పట్టీ ఇప్పిర్రు.
కంటిపాప ఎనకాల చిన్న అద్దం పెట్టిర్రట.
"ఎనక పెట్టిర్రంటె
ఎన్ని స్టాపులు పోయినయి డాక్టరమ్మా?"
ఆమెకు సమజ్ కాలే, చుక్కల మందు రాసిచ్చింది.

సైదులన్న రెండో కన్ను మూసుకొని
కిటికీ అవుతల ఫ్లైఓవర్ బోర్డును చూసిండు,
తర్వాత నన్ను, మళ్ల బోర్డును, మళ్ల నన్ను.
జూమ్ జారుతుందో లేదో చూసే తీరు
నాకు తెల్సు. కదలకుండ నిలబడ్డ.

"తమ్మీ, నెత్తంతా నెరిసింది నీకు.
ఎన్నడు రా?"

జవాబు దొరకలే.
జేబుల తీసిన షిమ్ ఉన్నది,
ఆయన అరచేతుల పెట్టిన.
కొత్త కన్ను దాని దిక్కు తిప్పనే లేదు.
బొటనవేలు, చూపుడువేలు నడుమ
ఒక్కసారి ఒత్తి
"నూరు" అన్నడు.