తల ఒకరిది

తకువారెంబో ఊరు అయిపోయే చోట
రైళ్లు రాని పట్టాల పక్కన
జుల్మా బెంతంకోర్ షెడ్డు.
నేనక్కడ చీపురు పట్టే పనిలో చేరిన మూడో నెల,
తల లేకుండా వచ్చిందో ఇంజను.

ఎలాదియో తెచేరా పాలబండిది.
ఆరు సిలిండర్లు, యాభై నాలుగో ఏటి పోత.
హెడ్డు మూడో సిలిండరు దగ్గర పగిలింది.
అతికిస్తే పక్కన పగిలింది.
అదీ అతికిస్తే,
పగలడం దానికి అలవాటైపోయింది.

అలాంటి హెడ్డు కోసం అతను
సరిహద్దు దాటి బ్రెజిల్ దాకా తిరిగాడు.
గోనెసంచిలో వేరేది మోసుకొచ్చాడు:
అదే కంపెనీ, ఇరవయ్యేళ్ల తర్వాతిది,
వాల్వులు పెద్దవి, దారులు వేరు.
"సరిపోతుందా?"
జుల్మా మాతే గొట్టం నోట్లోంచి తీయలేదు.
"సరిపోదు," అంది. "సరిపెట్టాలి."

కొత్త గ్యాస్కెట్‌ని పాత బ్లాకు మీద పరిచి
జాతకాలు చూసినట్టు వంగి చూశాం.
పద్నాలుగు బోల్టు కన్నాల్లో పది కలిశాయి.
మూడు కలవలేదు.
ఒకటి కలిసీ కలవనట్టుంది,
దానితోనే జాగ్రత్త అంది.
నీళ్ల దారులైతే
పాలివాళ్లలా మొహాలు తిప్పుకున్నాయి.

హెడ్డుని ముట్టుకోదట.
"దానికి కండ తక్కువ. బ్లాకు పాత మనిషి,
ఎంత కోసినా ఇంకా ఒళ్లుంటుంది."

ముందు మూయాలి, తర్వాత తవ్వాలి.
నాలుగు కన్నాలకి మరలు కోసి
లేతు మీద తీసిన బీడు బిరడాలు బిగించింది.
బీడుకి బీడే మందు,
ఉక్కు పెడితే వేడికి దాని దారి అది చూసుకుంటుందట.
తలలు కోసి, సుత్తితో చిన్నగా,
నిద్రపోయే పిల్లాణ్ణి తట్టినట్టు తట్టి,
మిల్లింగ్ మిషను మీదికెక్కించింది.

మొదటి వరసకి మసి పోయింది.
రెండో వరసకి, వెంట్రుకవాసి లోపల,
ఆమె పెట్టని చోట
మూడు గుండ్రటి బిళ్ళలు తేలాయి,
కాస్త వేరే బూడిద రంగులో.

మిషను ఆపేసింది.

ఎవరో ముందే మూశారు.
పగిలిన ఆ హెడ్డు కూడా
దీని సొంత తల కాదన్నమాట.

బొటనవేలి గోటితో అంచు వెంబడి గీసింది.
నన్నూ గీయమంది.
గోరు ఎక్కడా ఆగలేదు.
"ఎవరోగానీ,
తొందర లేని మనిషి," అంది.
ఆ ఏడాది మొత్తంలో ఆమె నోట
నేను విన్న పొగడ్త అదొక్కటే.

చిక్కేమిటంటే
మా కొత్త నీళ్ల కన్నం ఒకటి
సగం ఆ బిళ్ళ మీద పడుతోంది.
డ్రిల్లు మెత్తటి వైపు జారుతుంది కదా.
రాత్రంతా బ్లాకు మీద గుడ్డ కప్పి ఇంటికెళ్లింది.
పొద్దున్నే వచ్చి ఆ బిళ్ళని తీసేసింది,
ఇంకా పెద్దది పెట్టింది,
దాన్ని మధ్యలో తొలిచింది.
"గొంతు సన్నబడగానే ఆపు,
అవతల గోడే ఉంటుంది, ఎంత మందమో
పోసినవాడికీ తెలీదు."
నేను ఊపిరి బిగబట్టి
డ్రిల్లు గొంతు విన్నాను.

తీసేసిన ముక్కని పొడి డబ్బాలోంచి ఏరబోతే
"ఇనుమే," అంది.
వదిలేశాను.

బోల్టులు నడిమి నుంచి అంచులకి, మూడు విడతలు.
స్టార్టు చేసిన రోజు ఒక స్టడ్డు దగ్గర
నీళ్లు చెమర్చాయి.
మర్నాటికి తుప్పే పూడ్చుకుంది.
ఎలాదియో చెవి ఒగ్గి విన్నాడు:
"ముందులా లేదు."
"ఎందుకుంటుంది?" అంది జుల్మా,
థర్మాసులో నీళ్లు ఉన్నాయో లేదో ఊపి చూస్తూ.

పాలు వేళకి పోతున్నాయి.
గ్యాస్కెట్ కింద, ఎవరికీ కనపడని మొహం మీద
ఆ చేతి బిళ్ళలు రెండు,
ఈ చేతివి ఐదు.
మళ్లీ ఎప్పుడో, ఇంకెవరో
రెండో వరసలో మిషను ఆపుతారు.
గోటితో గీస్తారు.

ఆగకూడదు గోరు.
ఇప్పుడు నాకున్న భయమంతా అదే.
ఐదింట్లో ఒకటి
నేను బిగించినది.