ఎత్తు గీతలు

ఏడు పొరల సున్నం గీకినంక
ఓదెలు తాపీ ఆపిండు.
"మేడం, ఇటు రాండ్రి.
ఇక్కడ ఎవరిదో ఎత్తు ఉన్నది."

ములుగు రోడ్డు మీది పాత ఠాణా.
డంగు సున్నంల కరక్కాయ నీళ్లు, బెల్లం పోసి కట్టిన గోడలు.
అమీన్ సాబు గుర్రాన్ని కట్టేసిన కొక్కెం
ఇప్పటికీ మెట్ల పక్కన, తుప్పుతో ఎర్రగ.
పోలీసులు బైపాసు అవతల అద్దాల మేడలకు పోయిండ్రు.
ఇది మ్యూజియం అయితదట.
పేరు చీటీలు రాసే పని నాది.
చీటీకి నలభై రూపాయలు,
ముప్పై మాటలు దాటొద్దు.

చేతిబేడీలు, మూడు జతలు. రాసిన.
ఉర్దూ రోజ్నామ్చా, చెదలు తిన్నంత తిని వదిలేసింది. రాసిన.
(షఫీ మాస్టరు చదివి చెప్పిండు,
పదకొండో పేజీ నిండ
తప్పిపోయిన ఒక్క బర్రె ముచ్చటే.)
వెదురు లాఠీలు, తొమ్మిది.
ఒకదాని కొస నల్లగ, నున్నగ.
"వాడకం వల్ల" అని రాసిన.
ఆఫీసరు ఎర్ర పెన్నుతో కొట్టేసి
"కాలక్రమంలో" అని దిద్దిండు.

ఇగ ఈ గీతలు.
లాకప్పుల, ఊచలకు కుడి పక్క,
నా మొలెత్తున మొదలై ఆరు.
పక్కన ఒక్కొక్క చుక్క,
గోటితో పొడిచినట్టు.

పింఛనుకు వచ్చిన హెడ్డు సాంబమూర్తి
కండ్లద్దాలు తుడుచుకుని చూసిండు.
"మా చిన్నదానివే.
క్వార్టర్లు కురుస్తుండె. వానకాలం లాకప్పు ఖాళీ ఉంటే
మేమంతా ఇక్కడనే పండుకునేది.
పుట్టినరోజుకు ఒక గీత,
తాళంచెవితోని నేనే గీసిన."

ఎదురుంగ చాయ బండి బుచ్చవ్వ
గిలాసలు కడుక్కుంటనే అన్నది:
"ఆయనకేం యాది!
ఎంకటాపురం దిక్కు నుంచి తెచ్చిండ్రు ఒకామెను.
పేరడిగితే చెప్పకపోయె.
సంకల పోరడు. బువ్వ డబ్బ నేనే ఇచ్చేదాన్ని.
వాడు ఏడిస్తే గోడకు నిలవెట్టి
'చూడు బిడ్డ, నిన్నటికంటె పెరిగినవ్' అని
పొద్దుకొక్క గీత గీసేది.
అన్నీ అబద్ధం గీతలు."

నేను కొలిసిన.
గీతకూ గీతకూ నడుమ రెండు వేళ్ల సందు.
ఏడాదికి తక్కువ.
పొద్దుకు ఎక్కువ.

"ఏదో ఒకటి తేల్చమ్మా" అన్నడు ఆఫీసరు,
"లేకుంటే సున్నం కొట్టిద్దాం."
ఆ రాత్రి పదహారు చీటీలు చింపిన.
పదిహేడోదాంట్ల ఇద్దరి మాటలూ పెడితే
ఎనభై మాటలైనయి.
దానికి గూడ నలభై రూపాయలే వచ్చినయి.
ఓదెలు మాత్రం ఆ జానెడు గోడ విడిచిపెట్టి
చుట్టూరా సున్నం వేసిండు,
ముగ్గు తొక్కకుండ నడిచినట్టు.

రిబ్బను కత్తిరించిన దినం
బుచ్చవ్వ కౌంటరు దాక వచ్చి ఆగింది.
"పది రూపాయలా?
అప్పుడు బయటికి రానీకె ఇచ్చినం,
ఇప్పుడు లోపలికి పోనీకె ఇయ్యాల్నా?"
ఊరికే రమ్మన్నా రాలే.
చెప్పులు విడవకుండ మెట్ల మీదనే కూసుంది.
కాసేపటికి సాంబమూర్తి వచ్చి
నాలుగు మెట్ల కింద కూసున్నడు.
బయటికొచ్చిన ప్రతి ఒక్కరికి
ఎవరి కథ వాళ్లు చెప్పిండ్రు, సాయంత్రం దాక.

ఆడపిల్లల బడి నుంచి నలభై మంది వచ్చిండ్రు.
బేడీలు చూసి నవ్విండ్రు, లాఠీల దగ్గర తోసుకున్నరు,
నా చీటీ ఎవ్వరు చదవలే.
గోడకు వీపు ఆనించి, వరుసగ,
ఒక్కొక్కరు నిలవడుడే.
"ఏయ్, మడిమెలు లేపకు!"
కిటికీల నుంచి సాంబమూర్తి కేక,
అలవాటైన గొంతు.
ఆరో గీతను దాటిన పిల్ల
ఊచలు పట్టుకుని గిర్రున తిరిగింది.

అందరు పోయినంక చూస్తే
కొత్త సున్నం మీద కొబ్బరినూనె మరకలు,
ఒకదానిపై ఒకటి,
కొన్ని గీతలకు కింద, కొన్ని పైన.

ఓదెలు బకీటు పట్టుకుని నిలవడ్డడు.
"కడగాల్నా మేడం?"

రేపు చూద్దాం అన్న.