చూపుడువేలు

వాడికి పదమూడేళ్లని రాశాను.
అప్పలకొండ అని పేరు పెట్టాను.
కురుపాం మార్కెట్ వెనకాల, చింతపండు వాసన వదలని సందులో
ఓ పెంకుటిల్లిచ్చాను,
పసుపుకొమ్ముల దళారీని తండ్రిగా ఇచ్చాను.
కథంటే ఇవ్వడమే కదా అనుకున్నాను.

ఆ ఇంట్లో ఇంకో గుంటడున్నాడు,
కిల్లో గాసి.
పాడేరు పైనించి పసుపు బస్తాలతో పాటు లారీలో దిగినవాడు.
ఎర్రట్ట ఖాతాలో వాడి పేజీ ఇదీ:
తండ్రి పెళ్లికి నలభై రూపాయలు,
కుంచెడు ఉప్పు,
తాత దినానికి మేక.
కింద ఒక్క మాట, గొత్తి.
వడ్డీ ఎంతో రాయలేదు.
వడ్డీ అక్కడే గోనెపట్టా మీద పడుకునుంది.

చట్టం వచ్చిందట.
ఘాట్ రోడ్డు మలుపుల్లో కళ్లు తిరిగి
ఏ మైలురాయి దగ్గరో దిగిపోయుంటుంది.

అప్పలకొండ చెడ్డవాడు కాదు.
ముంజెల్లో సగం గాసికి పెడతాడు.
సగం పెట్టేవాడు ధర్మాత్ముడని ఆ సందు సందంతా అంటుంది.
"అప్పెగ్గొట్టినోడు ఎద్దై పుడతాడ్రా" అన్నారు బళ్లో మేష్టారు.
వాడు నమ్మాడు.
ఆ వయసులో నేనూ నమ్మాను.

ఓ వేసంగి రాత్రి గాసి లేడు.
తెల్లారకముందే గుమస్తా పోలయ్య, చేతిలో పగ్గం.
"బాబూ, ఆ గుంటడెటెల్లాడో నీకు తెలుసు గదేటి?"
తెలుసు.
గోడౌన్లో, అడ్డాకుల కట్టల వెనక,
మోకాళ్లకి గెడ్డం ఆనించి కూచునున్నాడు.
చెంబుతో మంచినీళ్లిచ్చింది వీడే.

ఇక్కడ నా కలం ఆగింది.
మూడు వేసవులు ఆగింది.
ఎందుకంటే, ఇందాకటి దాకా నేను కల్పించింది పేర్లే.

నన్నెవరూ కొట్టలేదు. బెదిరించనూ లేదు.
అడిగారు, వేలెత్తి చూపించాను.
మంచిపని చేసినట్టు గుండెలో వెచ్చగా కూడా అనిపించింది.
నాన్న భుజం తట్టి నువ్వుల జీళ్లు కొనిపెట్టాడు,
పళ్లకంటుకునే రకం.
లోపల అడ్డాకులు చిరుగుతున్న చప్పుడు వింటూ
నమిలాను.

అప్పలకొండ వేలూ లేచింది.
కొట్టేసి రాసినా, కాగితం చింపినా
లేస్తూనే ఉంది గోడౌన్ వైపు.
విసిగిపోయి ఓ రోజు వదిలేశాను, నీ ఇష్టంరా అని.
లేచింది.
గోడౌన్ దాటింది, లైటుహౌసు దాటింది,
సముద్రం మీద ఆగింది.
"జాలారోళ్ల తెప్పెక్కీసినాడు. నాను సూసినాను."
కొండ గుంటడికి నీళ్లంటే భయమని పోలయ్యకి తెలుసు.
అయినా పరిగెత్తాడు.

చప్పట్లు కొట్టకండి, వాడు ఏడుస్తున్నాడు.
కన్నతండ్రి సొమ్ము దొంగిలించానని,
నలభై రూపాయలూ, ఉప్పూ, మేకా.
బురుజుపేట పోయి నిలబడ్డాడు,
పైకప్పు లేని అమ్మవారికి అంతా కనబడే ఉంటుందని.
కాళ్ల కింద పసుపునీళ్లు.
"ఎద్దుగా పుట్టించీ తల్లీ,
ఆడిని మాత్రం..."
ఆ తరవాత ఏమడగాలో తోచక
చేతిలో కొబ్బరిచిప్పతో ఇంటికొచ్చాడు.
అన్నం తినలేదు.

అది పాపం కాదురా అని ఒక్క వాక్యం రాస్తే
వాడు నిద్రపోయేవాడు.
నా చేతిరాతలో ఆ వాక్యం బాగుండదు.

చీకటి పడ్డాక గాసి లేచాడు.
సింహాచలం కొండ ఆనవాలు పెట్టుకుని నడిచాడు.
శృంగవరపుకోట దాటాడో లేదో రాయలేను,
ఆ దారి నాకు తెలీదు.

అసలు గాసి,
వాడి పేరు వేరు, ఇక్కడ పెట్టను,
మా ఇంట్లో ఇంకో పదకొండేళ్లు పసుపు దంచాడు.
నన్ను బాబూ అనే పిలిచాడు.
ఏటా ముంజెల రోజుల్లో
నా వాటా వేలితో తీసి, పొర వలిచి,
ఆకులో పెట్టి ఇచ్చేవాడు.